మోకాటి గుజ్జు మీద వెలుతురు: ఏం కనిపిస్తోంది, ఎవరికి పనికొస్తుంది?

రెడ్డిగూడెం చుట్టుపక్కల మామిడి కోతలంటే మోకాళ్లతో పని. చెట్టు కింద గొంతుక్కూర్చుని కాయలు ఏరాలి, బంగినపల్లి ఒక కుప్ప, కలెక్టరు ఒక కుప్ప, రసాలు ఇంకో కుప్ప పోయాలి, నిండిన గంపలు ఎత్తుకుని ట్రాక్టరు దాకా నడవాలి. ఈ పనిలో పాతికేళ్లు గడిపిన ఆడవాళ్లను గమనించండి, లేచేటప్పుడు ఒక చెయ్యి నేల మీదా, ఒక చెయ్యి మోకాలి మీదా వేసి గానీ లేవరు. ఎవరో ఒకరు మైలవరం మీదుగా బెజవాడ తీసుకెళ్లి ఎక్స్‌రే తీయిస్తారు. తిరిగొచ్చాక ఇంట్లో వినిపించే మాట దాదాపు అన్ని ఇళ్లలోనూ ఒకటే: "గుజ్జు అరిగిపోయిందంట."

నిజానికి ఎక్స్‌రేలో గుజ్జు కనపడదు, ఎముకలే కనపడతాయి. తొడ ఎముకకీ కాలి ఎముకకీ మధ్య ఫిల్ములో నల్లగా కనిపించే సందు ఇరుకైతే, అక్కడ ఉండాల్సిన గుజ్జు పోయి ఉంటుందని డాక్టరు లెక్కగడతాడు. పోయిన తర్వాతే తెలుస్తుందన్నమాట. ఎమ్మారై గుజ్జును నేరుగానే చూపిస్తుంది గానీ, ఆ పొర మందమే రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లు. పైపైన మొదలైన మెత్తదనం మామూలు ఆసుపత్రి ఎమ్మారైకి చాలాసార్లు అందదు. ఇక మిగిలింది కీలులోకి సన్నటి గొట్టం దించి కెమెరాతో చూసే ఆర్థ్రోస్కోపీ. అక్కడైనా అంతా తేటతెల్లమవుతుందా అంటే, సర్జను చేతిలో ఉన్నవి రెండే సాధనాలు: కన్ను, ఒక చిన్న ఉక్కు కొక్కెం. తెర మీద తెల్లగా మెరిసే గుజ్జును చూస్తాడు, కొక్కెంతో నొక్కి ఎంత దిగబడుతుందో చూస్తాడు, ఒక గ్రేడు రాస్తాడు.

ఆర్థ్రోస్కోపీ పాతదే. టోక్యోలో కెంజి తకాగి అనే సర్జను 1918లో మూత్రాశయం చూసే గొట్టాన్ని శవం మోకాట్లోకి దించి చూశాడు. ఆయన శిష్యుడు మసాకి వతనబె 1950ల చివరికల్లా రోగుల మీద నమ్మకంగా వాడదగ్గ ఆర్థ్రోస్కోపు తయారుచేశాడు. ఆ తర్వాత లెన్సులు మారాయి, కెమెరాలు వచ్చాయి, తెరలు పెద్దవయ్యాయి. గుజ్జు బాగుందా లేదా తేల్చే కొక్కెం మాత్రం మారలేదు. గ్రేడ్లు కూడా పాతవే. 1961లో అవుటర్‌బ్రిడ్జ్ అనే సర్జను మోకాటి చిప్ప గుజ్జు కోసం రాసిన నాలుగు మెట్ల వరసే, కాస్త మార్పులతో, ఇప్పటికీ నడుస్తోంది. మొదటి మెట్టు మెత్తబడటం, చివరి మెట్టు ఎముక బయటపడటం. చివరి మెట్టు దగ్గర ఎవరికీ పేచీ లేదు, ఎముక కనిపిస్తుంటే ఎవరికైనా కనిపిస్తుంది. పేచీ అంతా మొదటి రెండు మెట్ల దగ్గరే. ఒకే వీడియో చూపించి గ్రేడు రాయమంటే సర్జన్లు ఒకరితో ఒకరు ఏకీభవించకపోవడం పరీక్షల్లో తేలింది. అదే సర్జను కొన్నాళ్లయ్యాక తన గ్రేడుతో తానే విభేదించడం కూడా తేలింది.

ఇంత తికమకకు మూలం గుజ్జు తీరులో ఉంది. దానికి నరాలు లేవు, అందుకే తొలిదశ నష్టం నొప్పిగా తెలియదు. రక్తనాళాలు లేవు, అందుకే దెబ్బ తగిలినా చర్మంలా మానదు. ఒకసారి పాడైన గుజ్జు మళ్లీ బాగుపడదని లండన్ వైద్యుడు విలియం హంటర్ 1743లోనే రాశాడు, ఆ మాటను కొట్టిపారేసే మందు నేటికీ రాలేదు. బరువులో మూడింట రెండొంతులకు పైగా నీళ్లే. మిగతాదాంట్లో ఎక్కువ భాగం కొలాజెన్ పోగులు, వాటి మధ్య నీటిని పట్టి ఉంచే ప్రోటియోగ్లైకాన్ అనే చక్కెర-మాంసకృత్తుల ముద్ద. కణాలు చాలా కొద్ది. అరుగుదల మొదలయ్యేటప్పుడు ముందు పోయేది ఈ ప్రోటియోగ్లైకాన్. పై పొరలో అల్లికగా ఉన్న పోగులు చెదురుతాయి, నీటి శాతం పెరుగుతుంది, గట్టిదనం తగ్గుతుంది. ఇంత జరిగినా పైన తెల్లటి మెరుపు అలాగే ఉండొచ్చు. కంటికి కనపడే చీలికలు, ఊడిన పెచ్చులు తర్వాతి అంకం.

కాబట్టి కావలసింది రెండు పనుల్లో ఒకటైనా చేసే వెలుతురు. గుజ్జులోకి దిగి లోపలి అల్లికను చూపించాలి, లేదా లోపలి రసాయనాన్ని చెప్పాలి. గత పాతికేళ్లలో వచ్చిన పద్ధతులన్నీ ఈ రెండు దారుల్లో ఏదో ఒకటి పట్టుకున్నవే.

మొదటి దారిలో పెద్దపేరు ఓసీటీది, అంటే ఆప్టికల్ కోహెరెన్స్ టోమోగ్రఫీ. పేరు కొత్తగా ఉన్నా మనకి పరిచయం ఉన్నదే. షుగరు ఉన్నవాళ్లకి రెటీనా వాపు చూడటానికి కంటాసుపత్రిలో గడ్డం ఆనించి కూర్చోబెట్టి తీసే స్కాన్ ఇదే. 1991లో అమెరికాలో జేమ్స్ ఫుజిమోటో బృందం దీన్ని లోకానికి చూపించింది. ఒక కాంతిరేఖను రెండుగా చీల్చి, ఒకదాన్ని కణజాలం మీదకి, ఇంకోదాన్ని అద్దం మీదకి పంపుతారు. తిరిగొచ్చిన రెండూ కలిసినప్పుడు ఏర్పడే చారల్ని బట్టి, వెలుతురు ఎంత లోతు నుంచి వెనక్కి వచ్చిందో లెక్కకడతారు. అల్ట్రాసౌండు శబ్దంతో చేసే పనిని ఇది కాంతితో చేస్తుంది, కానీ పది ఇరవై మైక్రాన్ల వివరంతో. గుజ్జులో ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతు దాకా అడ్డకోత బొమ్మ వస్తుంది, కొయ్యకుండానే.

గుజ్జు మీద దీన్ని 1999లో మార్క్ బ్రెజిన్స్కీ బృందం ప్రయత్నించింది. బాగున్న గుజ్జుకూ అరిగిన గుజ్జుకూ తేడా కనిపించింది. ఆపరేషన్ గదిలోకి దాన్ని తెచ్చిన పేరు పిట్స్‌బర్గ్‌లో పనిచేసిన ఆర్థోపెడిక్ సర్జను కాన్‌స్టన్స్ చూది. 2004 నుంచి ఆమె బృందం ఆర్థ్రోస్కోపుతోపాటు కీలులోకి దించగల ఓసీటీ ప్రోబుతో పనిచేసింది. పోగుల అల్లిక చక్కగా ఉన్నచోట ధ్రువణ కాంతికి, అంటే ఒకే దిశలో ఊగే కాంతికి, ఒక తీరైన పట్టీల వరస వస్తుంది, అల్లిక చెదిరినచోట అది మాయమవుతుంది. కంటికి నున్నగా, బాగానే కనిపించిన గుజ్జులో కూడా ఆ వరస చెదిరి కనిపించిన సందర్భాలున్నాయి. 2010లో, మోకాటిలోని మెనిస్కస్ అనే మెత్త చిరిగి ఆపరేషన్‌కి వచ్చినవాళ్ల మీద చేసిన పరిశీలనలో ఇది మరింత గట్టిపడింది. ఈ రంగంలో నాకు బాగా నచ్చిన పని ఇదే, ఎందుకంటే శవాల ముక్కల దగ్గర ఆగిపోకుండా, బల్ల మీద పడుకున్న మనిషి దాకా వచ్చింది.

ఇబ్బంది ఏమిటంటే ఓసీటీ ఒకసారికి ఒక గీత వెంట మాత్రమే చూపిస్తుంది. మోకాలు వంకరల పుట్ట. తొడ ఎముక చివర ఉన్న రెండు గుండ్రటి తలల్నీ పూర్తిగా గీతగీతగా చూడాలంటే సర్జనుకి ఓపిక చాలదు, మత్తు డాక్టరు ఊరుకోడు. ప్రోబు కాస్త వాలుగా పట్టుకుంటే ధ్రువణ పట్టీలు మారిపోతాయి, చెయ్యి వంకరో గుజ్జు జబ్బో అప్పటికప్పుడు చెప్పడం కష్టం. కంటి ఆసుపత్రుల్లో ఓసీటీ ఇంటి సామాను అయిపోయి, ఎముకల వార్డుల్లో ఇంకా అతిథిగానే ఉండిపోవడానికి కారణం అక్కడుంది. కన్ను కదలకుండా పెట్టడానికి గడ్డం బల్ల చాలు, మోకాటికి అలాంటి సదుపాయం లేదు.

రెండో దారిలో, అంటే రసాయనం చెప్పే దారిలో, ముందు మాట్లాడాల్సింది నియర్ ఇన్‌ఫ్రారెడ్ గురించి. ఎర్ర రంగు అవతల కంటికి కనపడని వేడి కిరణాలున్నాయని 1800లో విలియం హెర్షెల్ థర్మామీటరుతో కనిపెట్టాడు. ఆ కిరణాల్లో ఎరుపుకి దగ్గరి భాగాన్ని నీళ్లూ, చక్కెరలూ, మాంసకృత్తులూ ఎక్కడెక్కడ ఎంతెంత మింగుతాయో చూసి, పదార్థం ఏమిటో చెప్పొచ్చని 1960ల నుంచి అమెరికా వ్యవసాయ శాఖలో కార్ల్ నోరిస్ ధాన్యంలో తేమ కొలవడానికి వాడి చూపించాడు. అక్కణ్నుంచి ఇది పండ్లలోకి వచ్చింది. మామిడికాయ చెట్టు మీద ఉండగానే దాని ఎండు పదార్థం ఎంతో తెలిస్తే, మాగాక తీపి ఎంతుంటుందో ముందే చెప్పొచ్చు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌ల్యాండ్ రాష్ట్రంలోని సెంట్రల్ క్వీన్స్‌ల్యాండ్ విశ్వవిద్యాలయంలో కెర్రీ వాల్ష్ బృందం ఈ పని ఏళ్లతరబడి చేసింది, 2007 నాటికే కోత సమయంలో మామిడి తినే రుచిని ఈ వెలుతురుతో అంచనా వేయొచ్చని చూపించింది. ఇప్పుడు అక్కడి తోటల్లో చేతిలో పట్టుకునే మీటరు కాయకు ఆనిస్తే అంకె వస్తుంది.

అదే క్వీన్స్‌ల్యాండ్‌లో, బ్రిస్బేన్‌లోని సాంకేతిక విశ్వవిద్యాలయంలో, ఐజక్ అఫారా అనే పరిశోధకుడు అదే కిరణాల్ని కీలు గుజ్జుకు పట్టించి డాక్టరేటు చేశాడు. తర్వాత ఫిన్లాండ్‌లోని కుఓపియో నగరం చేరి అక్కడి బృందంతో కలిసి ఆ పనిని ఆర్థ్రోస్కోపు దాకా తీసుకెళ్లాడు. తోటలో వాడే మీటరూ, కీలులో వాడే ప్రోబూ ఒకే సూత్రానికి పుట్టినవి. కోయకుండా, తొక్క తీయకుండా, లోపలి నీరూ ఘనపదార్థమూ ఎంతో చెప్పడమే రెండింటి పనీ.

కీలులో ఇది ఎలా పనిచేస్తుందంటే: సన్నటి ఫైబరు గొట్టం కొసను గుజ్జుకు ఆనిస్తారు. ఒక ఫైబరు వెలుతురు పంపుతుంది, పక్క ఫైబర్లు తిరిగొచ్చినదాన్ని పట్టుకుంటాయి. సెకనులోపే ఒక వంకర గీత వస్తుంది, అదే స్పెక్ట్రమ్. ఈ కిరణాలు కొన్ని మిల్లీమీటర్ల లోతుకు దిగుతాయి కాబట్టి గుజ్జుతోపాటు కింది ఎముక సంగతి కూడా కొంత తెలుస్తుంది. కీళ్ల అరుగుదలలో ఎముక కూడా భాగస్వామే కనుక ఇది చిన్న లాభం కాదు. జర్మనీలో గుంటర్ స్పాన్ 2007లోనే ఆర్థ్రోస్కోపీ సమయంలో తొలి మెట్ల గుజ్జును ఈ పద్ధతితో వేరుచేయొచ్చని రాశాడు. కుఓపియో బృందం 2018లో గుర్రాల కీళ్లలో, ప్రాణం ఉన్న గుర్రాల్లో సైతం, గుజ్జు మందమూ గట్టిదనమూ కింది ఎముక తీరూ ఒకేసారి అంచనా కట్టొచ్చని చూపింది. గుర్రమే ఎందుకంటే పందెపు గుర్రాలకి మనుషుల్లాగే కీళ్లు అరుగుతాయి, వాటి గుజ్జు మందం కూడా మన మందానికి దగ్గరగా ఉంటుంది.

స్పెక్ట్రమ్ తనంతట తాను ఏమీ చెప్పదు. ఆ వంకర గీతలో ఫలానా చోట ఇంత పల్లం ఉంటే గట్టిదనం ఇంత అని చెప్పాలంటే, ముందు వందల ముక్కల్ని కొలిచి, వాటి గీతల్నీ కొలతల్నీ కంప్యూటరుకు నేర్పాలి. దీన్ని క్యాలిబ్రేషన్ అంటారు. మామిడి మీద పనిచేసినవాళ్లు ఇక్కడే ముక్కు బద్దలయ్యేలా గుద్దుకుని నేర్చుకున్నారు. ఒక రకం కాయలతో నేర్పిన లెక్క ఇంకో రకానికి సరిపోదు. ఒక ఏడాది కాయలతో నేర్పింది మరుసటి ఏడాది తప్పుతుంది. కాయ వేడి మారినా తప్పుతుంది. ఏటేటా కొత్త కాయలు కలుపుతూ పోతేనే నిలబడింది. కీళ్ల విషయంలో ఈ హెచ్చరికని తగినంత పట్టించుకోలేదని నా అనుమానం. ఇప్పటిదాకా లెక్క నేర్పినవి ఎక్కువగా ఆవుల, గుర్రాల గుజ్జులూ, యూరప్‌లో దానం చేసిన శవాల గుజ్జులూ. నేల మీద మఠం వేసుకునే, గొంతుక్కూర్చునే, జీవితమంతా వరినాట్లు వేసిన మోకాలు ఆ లెక్కలో లేదు. ఉంటేనే కదా తేడా ఉందో లేదో తెలిసేది.

మిడ్ ఇన్‌ఫ్రారెడ్, అంటే ఎరుపుకి మరింత దూరంగా ఉన్న కిరణాల సంగతి వేరు. రసాయనం దీనికి తెలిసినంత స్పష్టంగా ఇంక దేనికీ తెలియదు. కొలాజెన్ ఒక చోట, ప్రోటియోగ్లైకాన్ చక్కెరలు ఒక చోట, వేర్వేరు గుర్తులతో పడతాయి. న్యూయార్క్‌లోని హాస్పిటల్ ఫర్ స్పెషల్ సర్జరీలో నాన్సీ ప్లెష్కో బృందం 2004లో ఫైబరు ప్రోబుతో ఇది చేసి చూపింది, తర్వాత ఆమె ఫిలడెల్ఫియాలోని టెంపుల్ విశ్వవిద్యాలయంలో దాన్ని కొనసాగించింది. చిక్కల్లా నీళ్లు. ఈ కిరణాల్ని నీరు మింగేసినట్టు ఇంకేదీ మింగదు, ఆర్థ్రోస్కోపీలో కీలు నిండా సెలైనే. అందుకే ప్రోబు కొసన ఒక స్ఫటికం పెట్టి, దాన్ని గుజ్జుకు అదిమి, నీరు పక్కకి తప్పుకున్నాక కొలుస్తారు. అప్పుడు కూడా అందేది పైన కొన్ని మైక్రాన్ల పొర మాత్రమే. అరుగుదల మొదలయ్యేది ఆ పై పొరలోనే కాబట్టి ఇది పూర్తిగా దోషమేమీ కాదు. ఫిన్లాండ్‌లోని ఔలు విశ్వవిద్యాలయం ముందు నిలబడి, జర్మనీ ఉల్మ్ వంటి చోట్ల ప్రయోగశాలలు తోడుగా, యూరోపియన్ యూనియన్ డబ్బుతో మిరకిల్ అనే ప్రాజెక్టు నడిచింది. ఈ కిరణాలతో ఆపరేషన్ బల్ల దగ్గరే గుజ్జును చదివే ఆర్థ్రోస్కోపు దాని లక్ష్యం. ప్రాజెక్టులకి పేర్లు పెట్టేవాళ్లకి ఆశ ఎక్కువ. అద్భుతమని పేరు పెట్టుకుంటే అద్భుతం చేసి చూపించాల్సొస్తుంది.

రామన్ పద్ధతి దగ్గరకొస్తే మనం కాస్త సొంతింటి గర్వంతో మాట్లాడొచ్చు. సి.వి. రామన్ బాల్యం, బడి చదువూ విశాఖపట్నంలో గడిచాయి, తండ్రి అక్కడి ఏవీఎన్ కాలేజీలో లెక్చరరు. 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో ఆయన, కె.ఎస్. కృష్ణన్ కనిపెట్టింది ఇది: వెలుతురు పదార్థానికి తగిలి చెదిరినప్పుడు అందులో కోటికొకటి చొప్పున కాంతి కణాలు రంగు మార్చుకుని వస్తాయి, ఆ మార్పు అణువు అణువుకీ వేరు. అదే ఏడాది రామన్ దగ్గరికి చేరిన కుర్రాడు సూరి భగవంతం. 1909లో పుట్టింది ఆగిరిపల్లిలో, బడి చదువు గుడివాడలో. నూజివీడు నుంచి బెజవాడ వెళ్లే బస్సు ఆగే ఆగిరిపల్లే అది. తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరై, కాంతి పరిక్షేపం మీదా రామన్ ప్రభావం మీదా రాసిన పుస్తకాన్ని 1940లో ఆ విశ్వవిద్యాలయమే వాల్తేరు నుంచి అచ్చువేసింది. చాలాకాలం ఆ రంగంలో విద్యార్థులు చదువుకున్న పుస్తకాల్లో అదొకటి. మామిడి తోటల మధ్య పుట్టిన మనిషి పేరు, మోకాటి గుజ్జు దాకా వచ్చిన ఈ కథలో తారసపడటం యాదృచ్ఛికమే, కానీ చెప్పకుండా దాటడం అన్యాయం.

రామన్ పద్ధతికి నీటితో పేచీ లేదు, నీరు అందులో మసకగానే పలుకుతుంది. సెలైను నిండిన కీలుకి ఇంతకంటే అనువైనది ఏముంటుంది? లండన్ ఇంపీరియల్ కాలేజీ బృందం 2016లో గుజ్జు పై పొర నుంచి లోతు దాకా కొలాజెన్, ప్రోటియోగ్లైకాన్, నీరు ఏ పాళ్లలో మారుతూ పోతాయో రామన్‌తో పటం గీసింది. బోస్టన్‌లో ఆర్థ్రోస్కోపులో పట్టే రామన్ ప్రోబు మీద పని నడుస్తోంది. కోటికొక్క కణం అంటే సంకేతం బలహీనం, కణజాలం తనంతట వెదజల్లే మరో వెలుగు, ఫ్లోరెసెన్స్, దాన్ని ముంచేస్తుంది. ఒక్కో చుక్క దగ్గర సెకన్ల తరబడి చెయ్యి కదలకుండా నిలబడాలి. పరికరం ఖరీదు కూడా ఎక్కువే.

ఫ్లోరెసెన్స్‌నే సంకేతంగా వాడేవాళ్లున్నారు, పదుల రంగుపట్టీల్లో ఒకేసారి బొమ్మ తీసే హైపర్‌స్పెక్ట్రల్ కెమెరాలున్నాయి, కొలాజెన్ పోగుల్ని రంగు వేయకుండానే చూపే మల్టీఫోటాన్ సూక్ష్మదర్శినులున్నాయి. చివరిది చూపే బొమ్మలు కళ్లు తిప్పుకోనివ్వవు. ఆపరేషన్ గదికి మాత్రం అది చాలా దూరం.

వీటిలో నన్ను ఒకటి ఎంచుకోమంటే నియర్ ఇన్‌ఫ్రారెడ్ వైపు మొగ్గుతాను. బొమ్మ అందంగా ఉండదు, కానీ పరికరం చవగ్గా చేయొచ్చు, లోతుకు దిగుతుంది, సెకనులో తేలుతుంది, కొక్కెం పట్టిన చేతికే అలవాటవుతుంది. ఓసీటీని దానికి జత చేస్తే ఒకటి రసాయనం, ఒకటి అల్లిక చెబుతాయి. ఆ జత మీద కూడా కుఓపియో చుట్టుపక్కలే పని జరిగింది.

ఇప్పుడు అసలు సమస్య. తొలిదశ నష్టం కనిపించింది సరే, సర్జను ఏం చేయాలి? ఇక్కడ ఆర్థ్రోస్కోపీ చరిత్రే హెచ్చరిక. 2002లో హ్యూస్టన్‌లో బ్రూస్ మోస్లీ బృందం అరుగుదల ఉన్న 180 మందిని చీటీలేసి విడదీసింది. కొందరికి ఆర్థ్రోస్కోపుతో కీలు కడిగారు, కొందరికి గుజ్జు పెచ్చులు చెక్కారు, కొందరికి చర్మం మీద గాట్లు పెట్టి కుట్లేసి పంపించారు. రెండేళ్లయినా మూడు గుంపుల నొప్పిలో తేడా లేదు. 2013లో ఫిన్లాండ్‌లో మెనిస్కస్ చిరుగుకి చేసే ఆపరేషన్‌ని ఇలాగే ఉత్తుత్తి ఆపరేషన్‌తో పోల్చారు, 146 మంది మీద, ఫలితం అదే. అరుగుదల మోకాళ్లకి ఆర్థ్రోస్కోపీ దాదాపు ఎవరికీ వద్దని 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ అంతర్జాతీయ బృందం గట్టిగా చెప్పింది. కెమెరా స్పష్టత పెరిగినంత మాత్రాన, చేసే పనికి ఫలం పెరగలేదు. వెలుతురు ప్రోబులు కూడా ఇదే పరీక్షకు నిలబడాలి. కంటికి దొరకనిది పట్టుకున్నాయనే వ్యాసాలు వందలున్నాయి. ప్రోబు చెప్పిన మాట విని సర్జను నిర్ణయం మార్చుకుంటే, రెండేళ్ల తర్వాత రోగి మెట్లు బాగా ఎక్కుతున్నాడా అని చీటీలేసి తేల్చిన పని కోసం వెతికితే చెయ్యి ఖాళీగా వస్తుంది.

అలాగని పనికిరాదనేదీ తప్పే. బైకు మీద నుంచి పడి, కబడ్డీలో మోకాలు మెలితిరిగి, గుజ్జులో రూపాయి బిళ్లంత ముక్క ఊడిన పాతికేళ్ల కుర్రాడిని తీసుకోండి. అతనికి గుజ్జు కణాల్ని పెంచి పొదగడం వంటి చికిత్సలున్నాయి. స్వీడన్‌లో మాట్స్ బ్రిట్‌బెర్గ్, లార్స్ పీటర్సన్ 1994లో 23 మంది మీద మొదట ప్రకటించింది అదే. పొదిగే ముందు గుంట అంచుల్ని బాగున్న గుజ్జు వచ్చేదాకా చెక్కాలి. తక్కువ చెక్కితే అతుకు చెడ్డ గుజ్జుకి పడుతుంది, ఎక్కువ చెక్కితే మంచి గుజ్జు పోతుంది. ఎక్కడ ఆపాలో ఇప్పుడు కన్నూ కొక్కెమూ చెబుతున్నాయి. వెలుతురు ప్రోబుకి ఇంతకంటే సరైన ఉద్యోగం లేదు: ప్రశ్న చిన్నది, జవాబు వెంటనే చేతికి పని చెబుతుంది. రెండోది, మోకాలి ఒక పక్కే అరిగినవాళ్లకి సగం కీలు మార్చాలా, మొత్తం మార్చాలా అనే నిర్ణయం. మిగిలిన పక్క నిజంగా బాగుందా అన్న దాని మీద అది నిలబడుతుంది. మూడోది, కొత్త మందులు గుజ్జును కాపాడుతున్నాయో లేదో చూడటం, కాకపోతే దానికి మందు ముందు రావాలి.

మామిడి కుప్పల దగ్గర అరవై ఏళ్లకి మోకాలు మొరాయించిన మనిషికి ఇవేవీ అక్కర్లేదు. ఆమె బల్ల ఎక్కేసరికి ఎముక ఎముకకి రాసుకుంటూ ఉంటుంది, దానికి ప్రోబు దండగ. ఆమెకి ముందే కావాల్సినవి వేరే: తొడ కండరాల వ్యాయామం, బరువు తగ్గడం, కాయలు ఏరడానికి నడుమెత్తు బల్ల. ఇలాంటివాళ్లు తక్కువేం కాదు: దేశంలో ఐదు ప్రాంతాల్లో చేసి 2016లో ప్రచురించిన సర్వే మోకాలి అరుగుదల 28.7 శాతం మందిలో ఉందని చెప్పింది. ఆగ్రా, బెంగళూరు, కలకత్తా, డెహ్రాడూన్, పుణె ఆ ఐదూ. తెలుగు నేల అందులో లేదు. రేపు "లేజర్‌తో గుజ్జు చెకప్" అని బోర్డులు వెలిస్తే, తొలిదశ నష్టం ఉన్నట్టు తేలిన ప్రతి మోకాలూ ఒక ఇంజెక్షన్ కోర్సు కొనే మోకాలవుతుంది. ఎముకల వ్యాపారంలో ఇలాంటివి చూశాం.

మన దగ్గర చేయదగ్గ పని ఒకటుంది, అది ఆపరేషన్ బల్ల దగ్గర కాదు, దాని పక్కనున్న పసుపుపచ్చ సంచీ దగ్గర మొదలవుతుంది. మోకాలి చిప్ప మార్పిడి అని జనం పిలిచే ఆపరేషన్‌లో తొడ ఎముక చివరా, కాలి ఎముక పైభాగమూ బిళ్లలుగా కోసి తీస్తారు. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నియమాల ప్రకారం అవి పసుపు సంచీలో పడి కాల్చివేతకు పోతాయి. సాధారణంగా మోకాలి లోపలి పక్క ఎక్కువ అరుగుతుంది, బయటి పక్క గుజ్జు కొంత మిగిలి ఉంటుంది. అంటే ఒకే మనిషి మోకాటి నుంచి బాగా చెడిందీ, కాస్త చెడిందీ, ఓ మోస్తరుగా బాగున్నదీ మూడూ వస్తాయి. ఆ బిళ్లల మీద నియర్ ఇన్‌ఫ్రారెడ్ ప్రోబు ఆనించి గీత నమోదుచేసి, అదే చోట ముక్క కోసి సూక్ష్మదర్శిని కింద చూసి, పక్కన ఆ మనిషి వయసు, బరువు, చేసిన పని, నేల మీద కూర్చునే అలవాటు రాసుకుంటే, మన మోకాళ్ల లెక్క మనకి తయారవుతుంది. యూరప్ శవాలతో నేర్పిన లెక్క మనకి సరిపోతుందో లేదో అప్పుడు గానీ తేలదు. దీనికి ఎవరి కీలులోకీ కొత్తగా ఏమీ దించనక్కర్లేదు. ఎథిక్స్ కమిటీ అనుమతి, రోగి భాషలో రాసిన సమ్మతి పత్రం మీద సంతకం, ఒక చేతి పరికరం, ఓపికున్న పాథాలజిస్టు కావాలి. నాలుగూ బెజవాడ, గుంటూరు బోధనాసుపత్రుల్లో కూడగట్టుకోగలిగినవే.